పనసవలస పరుగు

పెద్దరోడ్డు వదిలి పనసవలస దారిలోకి తిరగ్గానే సోనికి ఊపిరి తప్పింది. అరకులో చీకటి ఉండగా మొదలుపెట్టిన పరుగు సుంకరమెట్ట సంతజాగా దాటి ఇక్కడిదాకా ఒకే తీరుగా సాగింది, రెండడుగులకి పీల్చడం, రెండడుగులకి వదలడం, మంచులో ఎదురొచ్చే లారీల దీపాలు పసుపు ముద్దల్లా తేలి పక్కనుంచి పోవడం, చెమట పట్టిన మెడ మీద చలిగాలి, తలలో ఏమీ లేకపోవడం. పరుగులో ఆమెకి నచ్చింది అదొక్కటే, ఆ ఏమీ లేకపోవడం. ఇప్పుడీ మలుపులో, తుప్పు పట్టిన బోర్డు మీద ఊరి పేరు చూడగానే అది కాస్తా పోయింది. అడుగులు పడుతున్నాయి కానీ ఊపిరి ఆ బోర్డు దగ్గరే ఉండిపోయినట్టుంది, దాన్ని రమ్మని పిలుచుకుంటూ, తల వంచి, ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. సొంత ఊరే అయినా ఇన్నేళ్లలో ఈ దారిన ఆమె నడవనైనా నడవలేదు. పెళ్లికో చావుకో రావలసి వస్తే ఆటోలోనో జీపులోనో, తల కమ్మీకి ఆనించి, కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తూ వచ్చింది. పక్కన కూర్చున్నవాళ్లు పాపం టీచరమ్మ అలిసిపోయింది అనుకునేవాళ్లు. కళ్లు మూసుకున్నా దారి తెలిసేది. ఇక్కడ కుదుపు, ఇక్కడ వాగు మీంచి వచ్చే చల్లదనం, ఇక్కడ కాఫీ తోటల్లో కుళ్లిన ఆకుల వాసన, ఇక్కడ ఎవరూ మాట్లాడకుండా ఉంటే బాగుండును అనిపించే చోటు.

ఉమామహేశ్వరి చూస్తే ఊరుకోదు. అరకు బాలికల ఆశ్రమ పాఠశాలలో సోని తెలుగు చెబుతుంది, ఉమామహేశ్వరి లెక్కలు చెబుతుంది. విజయనగరం పక్క మనిషి, సుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే తోడుకి సోనిని గ్రౌండులోకి లాక్కెళ్లింది, నాలుగు రోజులు తిరక్కుండానే తను గట్టు మీద చతికిలబడి సోని పరిగెత్తుతుంటే చూడడం మొదలుపెట్టింది. ఒలమ్మ, నువ్వు నడవడానికి పుట్టినదానివి కాదే, అంది. ఆ తర్వాత విశాఖలో సముద్రం పక్కన జరిగే మారథాన్ సంగతి చెప్పడం, పేరు నమోదు చేయించడం, ఫోన్లో చూసి ఏ రోజు ఎంత పరిగెత్తాలో పురమాయించడం, అరటిపళ్లు తినిపించడం, అన్నీ ఆమే. పోటీకి ముందు ఇదే ఆఖరి పెద్ద పరుగు, డుంబ్రిగుడ వైపు సదునైన రోడ్డు మీద వెళ్లి రా, కొండెక్కి మోకాళ్లు పాడుచేసుకోకు, అంది నిన్న. సోని తలూపింది. తలూపి ఇటొచ్చింది. బనీను వెనక చాలామంది ఎవరో ఒకరి పేరు రాయించుకుంటారు, నువ్వెవరిది రాయించుకుంటావు అని ఉమామహేశ్వరి అడిగిన రోజు కూడా ఆలోచించకుండా అమ్మ పేరు చెప్పేసింది. పాంగి కనక. ఆ మాట స్టాఫ్ రూములో పాకింది. వాళ్లమ్మ జ్ఞాపకంగా పరిగెడుతోందట అని టీచర్లు కళ్లొత్తుకున్నారు, ప్రార్థనలో హెడ్మాస్టరు చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు, సోనికి ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టుగా ఉంది. జ్ఞాపకంగా పరిగెత్తడం అంటే ఏమిటో ఆమెకి తెలియదు. ఆమె పరిగెత్తేది ఒక్క విషయం తేల్చుకోవడానికి. ఆ రోజు ఆ గుంట ఇంకా బేగి, ఇంకా త్వరగా వెళ్లగలిగి ఉండేదా, లేదా.

ఆ గుంట. చిన్నపిల్లగా ఉన్న తనని అలాగే అనుకుంటుంది, వేరే మనిషిని అనుకున్నట్టు. ఏడో క్లాసు గుంట, కాళ్లకి చెప్పుల్లేని గుంట, రెండు జడలు వేసినా ఒకటి ఎప్పుడూ ఊడిపోయి ఉండే గుంట. పెద్దదాన్ని అయ్యాను, చలికాలమంతా పరిగెత్తి కాళ్లు గట్టిపరుచుకున్నాను, మంచి బూట్లున్నాయి, ఇప్పుడు నేను ఊరినుంచి పెద్దరోడ్డుకి ప్రాణం పెట్టి పరిగెత్తి చూస్తాను, నాకే అంతసేపు పడితే ఆ గుంటని ఇంక వదిలేస్తాను. పట్టకపోతే? అక్కడ ఆలోచన ఆగిపోయేది. ప్రతి రాత్రీ అక్కడే ఆగి, పక్క మీద అటునుంచి ఇటు దొర్లి, మళ్లీ మొదటికొచ్చేది.

మాఘమాసం అది కూడా, మిరియాలు కోసే రోజులు. నాన్న గాసి అంతకు ముందు వానల్లో జ్వరమొచ్చి పోయాడు, ఆయన ఎక్కే చెట్లు అమ్మ ఎక్కాల్సొచ్చింది. సిల్వర్ ఓక్ చెట్లు తిన్నగా ఆకాశంలోకి పోతాయి, వాటిని చుట్టుకుని మిరియపు తీగ, తీగకి పచ్చటి గుత్తులు. ఎక్కడానికి ఒకే వెదురుబొంగు, కణుపుల దగ్గర కొమ్మలు పొట్టిగా నరికి ఉంచితే అవే మెట్లు. అమ్మ చీర మోకాళ్ల పైకి దోపి, మెళ్లో గోనెసంచి తగిలించుకుని, పాదం వేళ్లతో ఆ కణుపుల్ని పట్టుకుని ఎక్కేది, కింద నిలబడి చూస్తే మడమలు తెల్లగా పగిలి కనబడేవి. అమ్మ చేతులకి ఎప్పుడూ మిరియాల ఘాటు. ఆ చేత్తో సోని ముఖం తుడిస్తే కళ్లు మండేవి, ముయ్యవే కళ్లు, మంటని ఊదేస్తాను అని ఊదేది. ఆ ఊదడం కోసం సోని కావాలని కళ్లు తెరిచి ఉంచేది. అసలు అమ్మ ముఖం ఇప్పుడు పూర్తిగా గుర్తుకు రాదు, ఊపిరి గుర్తొస్తుంది, కళ్ల మీద చల్లగా. ఆ మధ్యాహ్నం బొంగు ఎందుకు ఒరిగిందో ఎవరికీ తెలియదు. అరుపు లేదు. తడిసిన బస్తా పడ్డట్టు చప్పుడైంది, అంతే, రాలిన గుత్తులు ఏరుతున్న సోని తలెత్తి చూసేసరికి అమ్మ నేల మీద ఉంది, ఆకాశంకేసి చూస్తూ. పక్క చెట్టు దగ్గరున్న రత్న చిన్నమ్మ పరిగెత్తుకొచ్చి అక్క తల ఒళ్లో పెట్టుకుంది. మగవాళ్లంతా సంతకి పోయిన రోజు, ఊళ్లో ముసలివాళ్లూ పిల్లలూ తప్ప ఎవరూ లేరు. అమ్మ చిన్నమ్మతో నెమ్మదిగా ఏదో అంది, అది వినబడలేదు. ఆ తర్వాత సోనికేసి తిరిగి గట్టిగానే అంది.

"బేగెల్లమ్మా. రోడ్డుకాడికెల్లి జీపు తే. ఎనక్కి సూడకు."

వెనక్కి చూడలేదు. అదొక్కటి మాత్రం చెప్పినట్టు చేసింది.

దారి మారిపోయింది. అది ఎందుకు ముందే తట్టలేదో. ఇప్పుడు ఊరిదాకా తారు వేశారు, జీపులెక్కడానికి వీలుగా కొండ చుట్టూ తిప్పి తిప్పి వేశారు, ఒక మలుపు, ఇంకో మలుపు, గట్టు మీద కొత్తగా సెల్ టవరు, దాని పాదాల దగ్గర మేకలు. ఆ రోజు ఇవేం లేవు. ఆ రోజు కాఫీ తోటల మధ్యనుంచి నిటారుగా దిగిపోయే కాలిబాట, వాగులో రాళ్ల మీంచి దాటడం, మళ్లీ చిన్న ఎత్తు, ఆ పైన పెద్దరోడ్డు. సోని పరుగు నెమ్మది చేసి, వాగు మీద కట్టిన కల్వర్టు దగ్గర కుడివైపు చూసుకుంటూ వెళ్లింది, బాట మొదలు ఎక్కడో ఇక్కడే ఉండాలి. మొక్కలు ఏపుగా పెరిగి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయి, ముళ్లతుప్పలు అల్లుకున్నాయి, మనిషి దూరే సందు లేదు. బాటే లేకపోతే తేల్చుకునేది ఎలా. రోడ్డు వేరు, కాళ్లు వేరు, అప్పుడు ఉత్త పాదాలు, ఇప్పుడు బూట్లు, ఈ పోలికకి అర్థమేముంది. పిల్లలు పరీక్షలో తప్పు ప్రశ్నకి పేజీలు పేజీలు జవాబు రాసి తెచ్చినప్పుడు ఆమె ఎర్రసిరాతో అడ్డంగా గీత కొడుతుంది, జాలిగానే కొడుతుంది, కానీ కొడుతుంది. చేతికి కట్టుకున్న సంచిలో ఫోను మోగింది.

"ఏటే, ఎక్కడున్నావు?" ఉమామహేశ్వరి. "గసపోస్తన్నావేటి? ఎత్తెక్కుతున్నావా?"

"లేదక్కా. సదునుగానే ఉంది."

"నాకాడ అబద్ధాలాడకు. మోకాళ్లు పోతే నీ బదులు నేను దేకాలా సముద్రం ఒడ్డున? ఎక్కడే?"

"మా ఊరి దారి."

అవతల పళ్లెంలో చెంచా పెట్టిన చప్పుడు వినబడింది.

"సరే. నీళ్లు తాగు. మెల్లగా దిగు," అని పెట్టేసింది ఉమామహేశ్వరి.

ఇప్పుడు టవరుంది. ఇప్పుడు ఎవరైనా చెట్టు మీంచి పడితే చెట్టు కిందనుంచే ఫోను చేస్తారు. ఆ గుంట కాళ్లే ఆ రోజు ఊరికంతటికీ ఫోను, కాళ్లే జీపు, కాళ్లే దేవుడు. ఎండాకులు మందంగా పరుచుకున్న బాట, కింద ఏముందో తెలియదు, అయినా పరిగెత్తింది. వాగు దాటాక, చిన్న ఎత్తు మీద, అరికాల్లో ముల్లు దిగింది. ఆ గుంట కుంటుతూనైనా వెళ్లిపోవాల్సింది. కూర్చుంది. కూర్చుని, పాదం ఒళ్లోకి తీసుకుని, గోళ్లతో ముల్లు లాగింది, సగం విరిగి లోపలే ఉండిపోతే ఉమ్మి రాసి మళ్లీ నొక్కింది. ఎంతసేపు కూర్చుందో తెలియదు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ కూర్చోవడం పెరుగుతూ వచ్చింది, ఒక్కోసారి కలలో ఆ గుంట సాయంత్రందాకా అలాగే కూర్చుని ఉంటుంది, ముల్లు తీస్తూ. పెద్దరోడ్డు మీద చెయ్యెత్తితే అరకు చూడ్డానికి పోతున్న కార్లు ఆగలేదు, ఒక కారులో పిల్లలు టాటా చెప్పారు. అప్పుడు వచ్చింది, ఆ రోడ్డు మీద జనాన్ని తోలే ధనరాజు జీపు. సంతకి పోయే జనం వేలాడుతున్నారు, ధనరాజు ఆ గుంట ముఖం చూసి ఒక్క మాట అడక్కుండా అందర్నీ దింపేశాడు, బస్తాలు కూడా రోడ్డు పక్కన పెట్టించాడు, ఒక్కరూ సణగలేదు. ముందు సీట్లో కూర్చోపెట్టి, మట్టిదారిలో ఎంతదాకా ఎక్కితే అంతదాకా ఎక్కించాడు. ముందు సీట్లో అంతకు ముందెప్పుడూ కూర్చోలేదు. కిటికీలోంచి గాలి వచ్చి ముఖానికి తగిలితే ఒక్క క్షణం, ఒక్క క్షణమే, హాయిగా అనిపించింది. ఆ హాయికీ తనని తను క్షమించుకోలేదు. జీపు ఆగినచోటు నుంచి మళ్లీ పరుగు, చెట్టు దగ్గరికి వచ్చేసరికి అమ్మ ముఖం మీద చిన్నమ్మ పైటకొంగు కప్పి ఉంది. ధనరాజు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. గుంట బాగా పరిగెత్తినాది, పాపం, అన్నారు ఆడవాళ్లు. ఆ పూటా అన్నారు, పెద్దదినం నాడూ అన్నారు, హాస్టల్లో చేర్చడానికి తీసుకెళ్లినప్పుడు వార్డెను ముందూ అన్నారు. బాగా పరిగెత్తినాది. ఆ పాపం అన్న మాటలో చాలలేదు అన్న మాట వినబడేది.

ఊరు మొదట్లో కుక్క ఒకటి మొరిగి, మనిషిని పోల్చుకుని ఊరుకుంది. మంచు ఇళ్ల చూరుల మీదనుంచి విడుతోంది. రత్న చిన్నమ్మ వాకిట్లో టార్పాలిన్ పరిచి, దాని మీద పచ్చి మిరియాల గుత్తులు పోసి, గోడకి ఒక చెయ్యి ఆనించి పాదాలతో తొక్కుతోంది. గింజలు గుత్తులనుంచి విడిపోతుంటే తడి చప్పుడు, వాకిలంతా ఘాటు, సోనికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అది ఘాటుకే. పరిగెత్తుకొస్తున్న మనిషిని చూసి చిన్నమ్మ ముఖం పాలిపోయింది. ఈ ఊళ్లోకి ఎవరూ మంచిమాట చెప్పడానికి పరిగెత్తుకురారు.

"ఒలమ్మ, సోనీ! ఏటయినాది? ఎవురికేటయినాదే?"

"ఎవురికీ ఏటీ అవలేదు సిన్నమ్మా. ఊరికే. పరిగెత్తుతున్నాను."

"ఊరికే పరిగెత్తడమేటే, సలిలో, ఇంతలేసి దూరం?" గుండె మీద చెయ్యేసుకుని ఊపిరి వదిలింది. "కూకో. టీ పెడతాను."

సోని కూర్చోలేదు. కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి. నిలబడే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, నేలకేసి చూస్తూ అడిగింది. "పాత దారేది సిన్నమ్మా? ఆ రోజు నేనెల్లిన దారి. కిందనుంచి దొరకలేదు."

"మన తోటలోంచి ఉన్నాది. మేకలెల్తాయి. దానితో నీకేటి పని?"

"ఎల్లి సూత్తాను. ఎంత బేగి దిగొచ్చో."

"సూసి?"

అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట, ఉమామహేశ్వరితో అనని మాట, ఒగరుస్తూ, ఎంత మామూలుగా వచ్చేసిందో. "ఆ రోజు ఇంకొంచెం బేగి ఎల్లుంటే అమ్మ బతుకును కదా. నేను దారిలో కూకున్నాను సిన్నమ్మా. కాల్లో ముల్లు దిగితే."

చిన్నమ్మ పాదాలు ఆగిపోయాయి. టార్పాలిన్ మీదనుంచి దిగి, పచ్చరసం అంటిన కాళ్లతోనే అరుగు మీద కూలబడింది. చాలాసేపు సోనికేసి చూసింది, ఊరు చివరనుంచి వస్తున్న ఎవరినో పోల్చుకోవడానికి చూసినట్టు.

"ఇన్నేళ్లూ నువ్వలా అనుకుంటన్నావేటే?" అంది. "ఒలే గుంటా, నీకు తెలుసనుకున్నాను. ఊరందరికీ తెలుసు. మీయమ్మ నిన్ను జీపు కోసం పంపలేదే."

"మరి?"

"నువ్వు సూడకూడదని పంపినాది. తల నా ఒళ్లో ఉన్నాది కదా. సెల్లీ, కాళ్లు తెలవట్లేదే, లోపలేదో కారిపోతన్నాది అన్నాది. నువ్వెదురుగా నిలబడి ఒణికిపోతన్నావు. దీన్ని పంపీయే అన్నాది. ఎక్కడికక్కా అన్నాను. ఎక్కడికైనా పంపీయి, జీపు తెమ్మను, అది పరిగెత్తేటప్పుడు ఏడవగా నేనెప్పుడూ సూడలేదు, అన్నాది. అప్పుడు నీతో సెప్పినాది." చిన్నమ్మ పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు వాగు దాటకముందే పోనాది తల్లీ. ముల్లేటి, జీపేటి. నువ్వు రెక్కలు కట్టుకెల్లినా అంతే."

సోని నిటారుగా నిలబడింది. తేలిక అవ్వాలి ఇప్పుడు. ఇన్నేళ్ల బరువు దిగితే తేలిక అవ్వాలి కదా, బనీను మీద పేరు రాయించుకుని, చలికాలమంతా మంచులో పరిగెత్తి, ఇందుకే కదా వచ్చింది. ఏమీ తేలిక కాలేదు. చేతిలో పట్టుకున్నదేదో ఎవరో లాక్కున్నట్టుంది. నేను ఆలస్యం చేశాను అన్న మాట ఎంత చెడ్డదైనా, దానికి అటు కొసన అమ్మ ఉండేది, చెట్టు కింద, ఎదురుచూస్తూ. ఇన్నేళ్లూ అమ్మ ఎదురుచూస్తూనే ఉంది అనుకుంది, తను పరిగెత్తుతూనే ఉంది అనుకుంది, వాళ్లిద్దరి మధ్యా మిగిలిన సంబంధం అదొక్కటే. ఇప్పుడు ఎవరూ ఎదురుచూడలేదని తెలిసింది. వాగు దాటకముందే. ఆ గుంట వాగు దాటింది, ముల్లు తీసుకుంది, కార్లకి చెయ్యెత్తింది, ధనరాజు చెయ్యి పట్టుకుని బతిమాలింది, అప్పటికే ఎవరూ లేరు. లేని మనిషి కోసం అంత పరుగు. కోపం వచ్చింది. ఎవరడిగారు నిన్ను? నేనుంటే ఏమయ్యేది? ఏడ్చేదాన్ని. ఏడవనివ్వాల్సింది. నీ చెయ్యి పట్టుకునేదాన్ని, నీ చేతి ఘాటు నా చేతికి అంటేది, నువ్వు చిన్నమ్మతో అన్న ఆఖరి మాటలన్నీ నావి కూడా అయ్యేవి. ఎవరో రోడ్డు మీద పోయేవాళ్లకి పని పురమాయించినట్టు పురమాయించి పంపేశావు. నా అమ్మ చావు ఊరందరిదీ అయింది, నాది కాలేదు. ఇదంతా తలలోనే అనుకుంటోందో, పైకి అంటోందో తెలియలేదు, చిన్నమ్మ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది కాబట్టి కొంత పైకే అని ఉండాలి. ఆ చేతికీ మిరియాల వాసన. అదే వాసన. సోని ఆ చేతిని తోసెయ్యబోయి, పట్టుకుంది.

"వాగు దాటకముందని నీకెలా తెలుసు?" అంది కాసేపటికి. "చెట్టు కాణ్నించి వాగు కనబడదు కదా."

చిన్నమ్మ వాకిట్లోకి వచ్చిన కోడిని అదిలించింది.

"కనబడదు. ఇనబడతాది. అప్పుడు ఎండాకులు మోకాలెత్తు. నువ్వు దిగతంటే కరకర, కరకర. మీయమ్మ అదే ఇంటన్నాది. నొప్పి లేదు, ఏటీ లేదు, సెవులు రిక్కించి ఇంటన్నాది. నాకు ఇంకోటేటీ మాటాడనివ్వలేదు. ఇనబడతన్నాదా సెల్లీ, అని అడిగేది. ఇనబడతన్నాదక్కా, అనేదాన్ని. మళ్లీ కాసేపాగి, ఇంకా ఇనబడతన్నాదా? ఇంకా ఇనబడతన్నాది. నిజానికి నువ్వు మలుపు తిరిగిపోనావు, నాకేటీ ఇనబడట్లేదు. అయినా ఇనబడతన్నాదనే అన్నాను."

"ఎంతసేపు?"

"అడగడం మానీసేదాకా," అంది చిన్నమ్మ.

టీ తాగలేదు సోని. చెట్టు దగ్గరికి తీసుకెళ్లమంటే చిన్నమ్మ ముందు నడిచింది, ఇళ్ల వెనకనుంచి, పందులు తవ్విన బురద దాటి, తోటలోకి. చెట్టు ఇంకా ఉంది, తీగ ఇంకా ఉంది, ఎవరో ఈ ఏడూ కోసుకున్నారు, పై గుత్తులు మాత్రం పిట్టలకి వదిలేసినట్టున్నారు. కింద నేల చూస్తే మామూలు నేల. ఇక్కడ అన్నట్టు చిన్నమ్మ పాదంతో చూపించింది. సోని అక్కడ కూర్చుంది, ఆ తర్వాత పడుకుంది, వెల్లకిలా, చెమట ఆరిన వీపుకి నేల చల్లదనం తగిలితే ఒళ్లు జల్లుమంది. తిన్నగా పైకి పోయే మాను, కొమ్మలు, కొమ్మల మధ్య ఇంత తెల్లటి మంచు, అందులో ఎక్కడో వెలుగు. ఇదే చూసింది అమ్మ. ఇది చూస్తూ ఇది చూడలేదు, వినడంలో ఉంది. ఏం విని ఉంటుంది. కూతురు దూరమవుతున్న చప్పుడు, దూరమయ్యే కొద్దీ సరే, సరే, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ, గూడులోంచి ఎగిరిన పిట్టని చూసినట్టు, కాదు, అలా ఏమీ అనుకుని ఉండదు, ప్రాణం పోతుంటే ఎవరు అలా అనుకుంటారు, కథలు చెప్పుకోకు సోనీ, ఊరికే విన్నది. నా అడుగులని విన్నది. నేను చేస్తున్న ఒకే ఒక్క పని అమ్మకి వినబడింది. నేను లేను అనుకున్న చోట ఉన్నాను. కళ్ల కొసలనుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోవాలనిపించలేదు, నోరు తెరిచి ఏడ్చింది, ఆ గుంట ఏడవాల్సినట్టు, పెద్దగా, పద్ధతి లేకుండా. చిన్నమ్మ పక్కన గొంతుక్కూర్చుని జుట్టులో చిక్కుకున్న ఆకులు ఒక్కొక్కటే తీస్తూ ఉంది. ఆపమని అనలేదు.

ఎప్పటికో చిన్నమ్మే అంది. "లెగు. నేల తడి, జొరమొత్తాది. దిగతావా, జీపొచ్చేదాకా ఉంటావా?"

"దిగుతాను."

"ఈ దారినా?"

"ఈ దారినే."

కాళ్లు కొయ్యబారిపోయాయి, మొదటి అడుగులు ముసలిదానిలా పడ్డాయి. చిన్నమ్మ చెట్టు దగ్గరే నిలబడింది, చెయ్యి ఊపలేదు. మేకలు నలిపిన సన్నటి బాట, రెండు పక్కలా కాఫీ మొక్కలు భుజాలకి రాసుకుంటూ, తడి ఆకులు ముఖానికి కొడుతూ. సోని పరిగెత్తింది. విశాఖలో సముద్రం పక్కన కూడా పరిగెడుతుంది, అది తెలుసు, ఇంక తేల్చుకునేదేమీ లేకుండా అంత దూరం ఎలా పరిగెత్తాలో తెలియదు, భయంగా ఉంది. అది అప్పటి సంగతి. ఇప్పుడు ఆమెకి చప్పుడు కావాలి. మడమలు గట్టిగా నేలకేసి కొట్టింది, మోకాళ్లు మొర్రోమన్నాయి, అయినా కొట్టింది. రాత్రంతా మంచు కురిసిన ఆకులు మెత్తగా అణిగిపోయాయి, ఎంత తొక్కినా దుప్పటి మీద నడిచినట్టు, తన అడుగులు తనకే వినబడలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. లేదు. బాట మలుపు తిరిగింది, తిరిగి చూస్తే చెట్టు లేదు, చిన్నమ్మ లేదు, మొక్కలే. ఎదురుగా వాగు, మోకాలులోతు కూడా లేని నీళ్లు, రాళ్ల మీద నాచు. సోని ఆగిపోయింది. కదలకుండా, ఊపిరి బిగబట్టి, ఒడ్డున నిలబడింది. నీళ్ల గలగల తప్ప ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

పైనుంచి, తోటల అవతలినుంచి, చిన్నమ్మ గొంతు వచ్చింది. పొలం గట్టు మీద నిలబడి పిలిచేటప్పుడు పిలిచే గొంతు, చివర సాగదీసి.

"ఇనబడతన్నాదే సోనీ! ఇనబడతన్నాది!"

సోని నిలబడే ఉంది. కాసేపాగి గొంతు మళ్లీ వచ్చింది.

"ఇంకా ఇనబడతన్నాదే!"

సోని వాగులో అడుగు పెట్టింది. చల్లటి నీళ్లు బూట్లలోకి దూరాయి. దాటి, అవతలి ఒడ్డెక్కి, పరిగెత్తింది.